బొమ్మ వెనుక మాట

(పోలవరం ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్య శిక్షణ చిత్రమును మీ గ్రామములో ప్రదర్శించునప్పుడు తెరపై కనబడువారు పలువురు. కనబడనివాడు వ్యాఖ్యాత ఒక్కడే. జనులు బొమ్మను చూచి ముచ్చటపడుదురు గాని, మరునాడు ఇంటిలో ఆచరించునది చెవిన పడిన మాటను బట్టియే. ఆ మాటను గురించి మీతో మనవి చేయదలచితిమి.

1948లో స్థాపితమైన ఫిలిమ్స్ డివిజన్ తన చిత్రములకు తెలుగు మొదలగు భాషలలో వ్యాఖ్యానము చేర్చి పంపెడిది. నాడు ప్రచార వ్యానులో ప్రొజెక్టరు వచ్చెడిది. నేడు అట్టి పాఠము ఆశా కార్యకర్త చేతి సెల్‌ఫోనులో ఇముడుచున్నది. సాధనము మారినది, చిక్కు మారలేదు.

పాముకాటు చిత్రమునే తీసుకొందము. వరికోతల వేళ, గోదావరి పొంగిన వేళ ఈ భయము ఎట్టిదో మీకు మేము చెప్పనక్కరలేదు. కాటుకు పైన త్రాటితో బిగించుట, బ్లేడుతో కోయుట, నోటితో పీల్చుట, ఈ మూడును హానికరములని వైద్యుల నిశ్చయము. చిత్రములో ఒకడు కాలికి త్రాడు బిగించుచుండును. వెనుకనుండి గొంతు, “కాటు పడిన చోటికి పైన త్రాడు గట్టిగా బిగించి కట్టరాదు” అనును. మన భాషలో కాదను మాట వాక్యము చివర వచ్చును. అది వచ్చులోగా కన్ను త్రాటిని చూచినది, చెవి “గట్టిగా” అన్నది పట్టినది. ప్రక్కన పసిబిడ్డ ఏడ్చినచో ఆ “రాదు” గాలిలో కలిసినట్లే. ఒక ఊరిలో ప్రదర్శన ముగిసిన పిదప ఏమి వింటిరని మేము అడుగగా, ముందు వరుసలోని పెద్దాయన “తాడు గట్టిగా కట్టమన్నారు గదండీ” అనెను. ఆ వ్యాఖ్యానము వ్రాసినది మేమే. తప్పు ఆయనది కాదు.

నాటినుండి వ్యాఖ్యానమును తిరుగవేసి, నలుగురు మాటలాడు తీరున వ్రాయుచున్నాము: “తాడు వద్దు. కోత వద్దు. కాలు కదపనివ్వకండి, నడిపించకండి. మోసుకుని ఆసుపత్రికి తీసుకుపోండి. విరుగుడు మందు అక్కడే ఉంది.” తెరపై త్రాడే కనబడదు.

నీళ్ల విరేచనములకిచ్చు ఓ.ఆర్.ఎస్. సంగతి వేరొకటి. “ఒక పొట్లము ఒక లీటరు నీటిలో కలపండి” అని చిత్రము చెప్పును. 20.5 గ్రాముల పెద్ద పొట్లమునకు అది సరియే. కాని అంగడిలో 200 మిల్లీలీటర్ల నీటికి సరిపోవు చిన్న పొట్లములును దొరకును. చిన్నదానిని లీటరులో కలిపిన పలుచబడి గుణమీయదు. పెద్దదానిని గ్లాసెడు నీళ్లలో కలిపిన ఉప్పు మితిమీరి బిడ్డకు ప్రమాదము. కావున “పొట్లము మీద ఎన్ని నీళ్లని ఉందో చూడండి” అని వ్యాఖ్యాత అనవలెను. చదువురాని తల్లికి ఆశా కార్యకర్త ఆ కొలతను ఆ యింటి చెంబుతోనే చూపవలెను.

కొన్ని చోట్ల వ్యాఖ్యాత ఊరకుండుటయే మేలు. న్యుమోనియా అనుమానమున్న బిడ్డ ఊపిరులను పూర్తిగా ఒక నిముషము లెక్కింపవలెను. రెండు నెలలు నిండి ఏడాదిలోపు బిడ్డకు 50, ఆపై ఐదేండ్లలోపువారికి 40, అంతకు చేరినను మించినను ఆసుపత్రికి పంపవలెను. ఆ నిముషము పొడుగునా గొంతు మ్రోగుచుండిన, శిక్షణ పొందువారు లెక్క తప్పుదురు. నిముషము నిశ్శబ్దము చిత్ర నిర్మాతలకు వృథాగా తోచును; మేము మాత్రము పట్టుపట్టుచున్నాము.

పాపికొండల దిక్కు గూడెములలోను, ప్రాజెక్టు వలన పునరావాస కాలనీలకు తరలిన వారిలోను కోయ భాష మాటలాడు కుటుంబములు కలవు. వారికి తెలుగు వచ్చును గదా అని సరిపెట్టుకొనరాదు. బిడ్డ ప్రాణముమీదికి వచ్చినప్పుడు తల్లి చెవికి ముందుగా ఎక్కునది ఇంటి భాష. అక్కడ గొంతు అక్కడివారిదే కావలెను. ఈ ప్రసంగపు తెలుగు అందుకు పనికిరాదని మేమే ఒప్పుకొనుచున్నాము.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలో పంచాయతీ సభ్యులకు స్థానమున్నది. చిత్రమును ఊరందరికి చూపకముందు ఆశా కార్యకర్తను, ఇద్దరు తల్లులను, ఒక వ్యవసాయ కూలీని కూర్చుండబెట్టి, బొమ్మ చూపక గొంతు మాత్రమే వినిపింపుడు. ఏమి చేయుమన్నారో వారినే చెప్పుమనుడు. తప్పు చెప్పినచో దిద్దకుడు. వారన్న మాటను అన్నట్లే వ్రాసి మాకు పంపుడు. వరదల కాలమునకు ముందే పంపినచో వ్యాఖ్యానమును సవరించుటకు మాకు వ్యవధి యుండును.