ఇంటి బీరువాలోని వీడియో క్యాసెట్టు

పల్నాటి వీరుల గాథ మనకు పలుదారుల వెంట చేరినది. కారెంపూడి తిరునాళ్ళలో గాయకుల నోట అది వినవచ్చును. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యము తాళపత్రములపై నిలిచియుండగా, అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దానిని అచ్చువేయించిరి. 1947లోను, 1966లోను 'పల్నాటి యుద్ధం' పేర రెండు చలనచిత్రములు వెలువడినవి. జీన్ రోఘైర్ అను పరిశోధకుడు గాయకుని పాటను టేపుపై కెక్కించి, దాని ఆధారమున 1982లో ఆంగ్లగ్రంథము ప్రకటించెను.

వీనిలో తాళపత్రమును చదువుటకు కన్నులు, అక్షరజ్ఞానము చాలును. టేపు సంగతి అట్టిది కాదు. దానికి యంత్రము కావలెను. యంత్రము లేనినాడు టేపు ఉండియు లేనట్టిదే.

సోనీ వారి బీటామాక్స్ 1975లోను, జె.వి.సి. వారి వి.హెచ్.ఎస్. 1976లోను వచ్చినవి. 1982 నాటి ఢిల్లీ ఆసియా క్రీడలతో మన దేశమున రంగుల టెలివిజను ప్రవేశించినది. ఆ దశాబ్దమున వీడియోలు నరసరావుపేట, మాచర్ల వంటి ఊళ్ళకును చేరి, పెండ్లిండ్లను క్యాసెట్లపై నిలుపుట ఆచారమైనది. తరువాత వి.సి.డి., డి.వి.డి., 2006లో బ్లూరే ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. ఒక్కొక్కటి వచ్చినప్పుడెల్ల వెనుకటిది అటక యెక్కినది. వి.హెచ్.ఎస్. యంత్రములను చివరివరకు తయారుచేసిన జపానులోని ఫునాయ్ సంస్థ 2016 జూలైలో ఆ పని మానినది. అమెరికాలో డిస్కులను తపాలా ద్వారా అద్దె కిచ్చుచు వచ్చిన నెట్‌ఫ్లిక్స్, 2023 సెప్టెంబరులో దానిని ముగించినది. ఇంట రికార్డు చేసికొను బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో నిలిపినది.

ఇక డిస్కులకు భవిష్యత్తు లేదా? సినిమాల మట్టుకు కొంత కలదు. ఇంటర్నెట్టు ద్వారా చూచు చిత్రము మన సొత్తు కాదు. చందా కట్టినంతకాలము, ఆ సంస్థకు హక్కు ఉన్నంతకాలము మాత్రమే చూడగలము. ఒప్పందము తీరిన మరునాడు చిత్రము కనబడకపోవచ్చును. కొన్న డిస్కును మన బీరువా నుండి ఎవరును తీసికొనిపోలేరు. అందువలన, అభిరుచి గలవారికై డిస్కుల వ్యాపారము చిన్నదిగానైనను సాగుచున్నది.

కాని సినిమాకు ప్రతులు అనేకము. మన యింటి పెండ్లి క్యాసెట్టుకో, తరచుగా వేరొక ప్రతియే యుండదు. గతించిన తాతగారి నడక, నాయనమ్మ మాట అందులోనే యున్నవి. టేపు అనగా అయస్కాంతపు పొడిని జిగురుతో అంటించిన ప్లాస్టికు పట్టీ. తేమకు ఆ జిగురు చెడును, బూజు పట్టును. మన రెంటచింతల ఎండలు రాష్ట్రమంతట పేరుపడినవి. అట్టి వేడిమియు టేపునకు శత్రువే. ఇంట రికార్డు చేసిన డిస్కులలోని రంగుపూత కూడ వెలుతురుకు వెలియును. లోకమంతట మాగ్నెటిక్ టేపులకు పట్టిన యీ ప్రమాదమును గూర్చి యునెస్కో 2019లో ఒక హెచ్చరిక కార్యక్రమము చేపట్టినది.

కావలసినది మూడు పనులు. మొదటిది: క్యాసెట్టును మొదటికి చుట్టి, నిలువుగా, చల్లని పొడి చోట ఉంచవలెను. బూజు పట్టినదానిని యంత్రములో పెట్టరాదు. అది యంత్రమును, టేపును రెంటిని చెరచును. రెండవది: పనిచేయు యంత్రము, దానిని బాగుచేయువాడు దొరకునంతలోనే కంప్యూటరులోనికి ఎక్కించుకొనవలెను. మూడవది: ఆ ప్రతులు రెండైన ఉండి, ఒకటి వేరొక యింట ఉండవలెను. ప్రతి నాలుగైదేండ్లకు వానిని తెరచి చూచి, క్రొత్త సాధనములోనికి మార్చుకొనుచుండవలెను.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. తాటాకు శిథిలము కాకమునుపే లేఖకుడు వేరొక ఆకుపై వ్రాసికొనెడివాడు. కావ్యములు అట్లే నిలిచినవి. ఆ పని చేయుటకు రాజులు, జమీందారులు ధనమిచ్చిరి. మన యింటి క్యాసెట్టుకు అట్టి పోషకు డెవడును రాడు. దానిని కాపాడవలసినవారు ఆ యింటివారే. అందులోని ముఖములను గుర్తుపట్టి పేర్లు చెప్పగల పెద్దలు నేడు మన నడుమ నున్నారు. వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఎవరెవరో వ్రాసికొనుచు ఆ పని ముగించుట మేలు.