ఎవరూ వద్దన్నా, ఎందుకో చెప్పాలి

(పాత్రపూర్‌లో జరిగిన మన చేనేత సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వార్షికోత్సవం అంటే సన్మానాలు, శాలువలు, ఫోటోలు ఉంటాయి. అవి ఉండాల్సిందే. కానీ ఈసారి మేము ఇంకో విషయం కూడా మాట్లాడదామనుకున్నాం. అది ఓటు. ఏ పార్టీకి వేయాలని చెప్పడానికి కాదు. మన సమాఖ్యలో అన్ని పార్టీల వాళ్ళూ ఉన్నారు, ఉండాలి కూడా. ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన వీధుల్లో ఒక మాట వినబడుతుంది. "ఎవుల్ని గెలిపిస్తే మనకేటొచ్చింది? ఈసారి ఓటే వేయం" అని ఒకరంటారు. "కాదు, వెళ్ళి నోటా నొక్కేద్దాం" అని ఇంకొకరంటారు. ఈ రెండు మాటల వెనక ఉన్న కోపం న్యాయమైనదే. ఆ కోపాన్ని ఎక్కడ పెడితే పని జరుగుతుందన్నదే ఇవాళ్టి ప్రశ్న.

ముందు ఓటు వేయకుండా ఇంట్లో కూర్చోవడం సంగతి చూద్దాం. బూత్‌కి రాని మనిషి ఎందుకు రాలేదో ఎన్నికల లెక్కలో ఎక్కడా రాయరు. కోపంతో రానివాడు, జ్వరంతో పడుకున్నవాడు, చనిపోయినా జాబితాలో పేరు మిగిలినవాడు, సూరత్‌లో షిఫ్టు వదిలి రాలేకపోయినవాడు, అందరూ ఒకే గంపలో పడతారు. మన గంజాం జిల్లాకి ఇది చిన్న విషయం కాదు. ఇక్కడి నుంచి లక్షల మంది సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్నారు. ఓటు ఇక్కడ, మనిషి అక్కడ. వలస కూలీకి పోస్టల్ ఓటు లేదు. ఉన్నచోటి నుంచే సొంతూరి ఓటు వేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం తయారుచేయించి, 2023 జనవరిలో పార్టీలకు చూపించడానికి పిలిచింది. చాలా పార్టీలు అభ్యంతరం చెప్పాయి, అది ఇంకా అమలుకు రాలేదు. అంటే మన ఇళ్ళలో చాలామంది ఓటు ఇష్టం లేక కాదు, వీలు లేక పోతోంది. దానికి తోడు ఊళ్ళో ఉన్నవాళ్ళం కూడా వేయకపోతే, మన వీధి లెక్కలో లేనట్టే. లెక్కలో లేని వీధికి ఎవరొస్తారు?

ఇక నోటా. ఇది ఎలా వచ్చిందో తెలిస్తే దాని విలువ, దాని హద్దు రెండూ తెలుస్తాయి. 1961 నాటి ఎన్నికల నియమాల్లో 49-ఓ అనే నియమం ఒకటుంది. ఎవరికీ ఓటు వేయను అనుకున్నవాళ్ళు బూత్‌లో అధికారికి ఆ మాట చెప్పాలి. ఆయన రిజిస్టరులో రాసుకుంటాడు, పక్కన సంతకమో వేలిముద్రో పెట్టాలి. ఏజెంట్లందరూ అక్కడే కూర్చుని చూస్తుంటారు. మనలాంటి చిన్న ఊళ్ళో, సావుకారు దగ్గర కూలికి నేసే మనిషి అలా చెప్పగలడా? సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది.

దీని మీదే పౌరహక్కుల ప్రజాసంఘం, అంటే పీయూసీఎల్, 2004లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2013 సెప్టెంబర్ 27న ప్రధాన న్యాయమూర్తి పి.సదాశివం నాయకత్వంలోని ధర్మాసనం తీర్పు చెప్పింది. ఓటు వేసినవాడి రహస్యం ఎంత ముఖ్యమో, వద్దన్నవాడి రహస్యమూ అంతే ముఖ్యమంది. ఓటు యంత్రం మీద "పైవారెవరూ కాదు" అనే మీట పెట్టమంది. అలా వద్దనేవాళ్ళు పెరిగితే పార్టీలు మంచివాళ్ళను నిలబెడతాయని ఆశపడింది. ఆ ఏడాది చివర ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీ, మిజోరం ఎన్నికల్లో నోటా మొదటిసారి కనిపించింది. 2015లో దానికి ఒక గుర్తు కూడా వచ్చింది: బ్యాలెట్ కాగితం, దాని మీద అడ్డంగా కొట్టేసిన నల్ల గీతలు. ఒడియా అక్షరాలు చదవడం రాని మన పెద్దవాళ్ళు ఆ గుర్తును గుర్తుపెట్టుకుంటే చాలు. మీటల వరుసలో అభ్యర్థులందరి కింద, చిట్టచివర ఉంటుంది.

కాబట్టి నోటా మనకిచ్చింది రహస్యం. అది చిన్న వరం కాదు. కానీ నోటా నొక్కితే ఏమవుతుంది అని అడిగితే, చాలామంది అనుకునేది వేరు, జరిగేది వేరు. ఒక లెక్క వేసుకుందాం. వెయ్యి ఓట్లు పడ్డాయి. తొమ్మిది వందలు నోటాకు, అరవై ఒకరికి, నలభై ఇంకొకరికి. ఎవరు గెలిచినట్టు? అరవై వచ్చినవాడే. ఎన్నిక రద్దు కాదు, మళ్ళీ జరగదు. "పోనీ, డిపాజిట్ అయినా పోతుంది కదా" అంటారు. అదీ కాదు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కన్నా ఎక్కువ రాకపోతేనే డిపాజిట్ పోతుంది. నోటా ఓట్లను ఆ చెల్లిన ఓట్ల లెక్కలో కలపరు. మన ఉదాహరణలో చెల్లినవి వంద మాత్రమే. నలభై వచ్చినవాడి డబ్బు కూడా భద్రంగా తిరిగి వస్తుంది.

ఇది మనం ఊహించి చెప్పే లెక్క ఒక్కటే కాదు. 2024లో ఇండోర్ లోక్‌సభ ఎన్నికలో ప్రధాన ప్రతిపక్ష అభ్యర్థి నామినేషన్ వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు నోటాకు 2 లక్షల 18 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. దేశంలో అదే రికార్డు. అయినా గెలిచిన అభ్యర్థి 11 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచాడు. అదే ఏడాది మన పిల్లలున్న సూరత్‌లో ఇంకో వింత జరిగింది. ఒకరి నామినేషన్ తిరస్కరించారు, మిగిలినవాళ్ళు వెనక్కి తీసుకున్నారు. ఒకే ఒక్క అభ్యర్థి మిగిలాడు. చట్ట ప్రకారం పోలింగే లేకుండా ఆయన గెలిచినట్టు ప్రకటించారు. అక్కడ నోటా నొక్కడానికి కూడా మీట లేదు.

మన ఒడిశా సంగతి చూద్దాం. 2014లో నవరంగ్‌పూర్ లోక్‌సభ స్థానంలో గెలుపు తేడా 2,042 ఓట్లు. నోటాకు పడ్డవి 44 వేల పైన. అంటే తేడా కన్నా ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. ఆంధ్రలో అరకు స్థానంలో కూడా 2019లో నోటాకు 47 వేలకు పైగా పడ్డాయి. ఇవి రెండూ గిరిజనులు ఎక్కువగా ఉండే స్థానాలు. ఇన్ని వేలమంది ఏమి చెప్పదలచుకున్నారు? రోడ్డు లేదనా? భూమి పోయిందనా? అభ్యర్థి నచ్చలేదనా? లేక ఆఖరి మీట దేనిదో తెలియక నొక్కారా? ఒక్కొక్కరు ఒక్కోలా వ్యాఖ్యానించారు. మీటకు నోరు లేదు మరి. నోటా "వద్దు" అంటుంది, "ఎందుకు వద్దు" అనదు. ఆ ఎందుకు అన్నది మనమే బయట చెప్పాలి.

అలా చెప్పినవాళ్ళు మన తెలుగు నేల మీదే ఉన్నారు. 1996 లోక్‌సభ ఎన్నికలు మనకు ఇంకో విధంగా గుర్తు. అప్పుడు పి.వి.నరసింహారావు గారు మన బరంపురం నుంచి, నంద్యాల నుంచి గెలిచి, బరంపురాన్నే అట్టేపెట్టుకున్నారు. అదే ఎన్నికల్లో నల్లగొండలో ఏం జరిగిందో చూడండి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన పల్లెలవి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల పేర్లు మీరు వినే ఉంటారు. కృష్ణా నీళ్ళు కావాలని జలసాధన సమితి అక్కడ పోరాడింది. దుశ్చర్ల సత్యనారాయణ గారు దాని నాయకుడు. ఆ ఎన్నికలో వందలమంది నామినేషన్లు వేయగా, చివరకు 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయ్యింది, పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. నిలబడ్డవాళ్ళలో దాదాపు అందరి డిపాజిట్లూ పోయాయి. కానీ ఫ్లోరైడ్ అంటే ఏమిటో దేశమంతా తెలుసుకుంది.

అప్పట్లో లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయలే. ఆ ఎన్నికల తరువాత అదే ఏడాది దాన్ని 10,000 చేశారు. ఇప్పుడు 25,000. శాసనసభకు 10,000. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. కాబట్టి ఆ దారి ఇప్పుడు ఖరీదైన దారి. అయినా 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు దాన్నే పట్టుకున్నారు. 178 మంది రైతులు నిలబడ్డారు, మొత్తం అభ్యర్థులు 185. ఒక్కో బూత్‌లో 12 ఓటు యంత్రాలు వరుసగా పేర్చాల్సి వచ్చింది. రైతుల్లో ఒక్కరూ గెలవలేదు. కానీ పసుపు బోర్డు అనే మాట ప్రతి పార్టీ నోట్లో పడింది. గెలిచిన అభ్యర్థి బాండు పేపరు మీద రాసిచ్చాడు. వెంటనే రాలేదు. ఏళ్ళ తరబడి రైతులు అడుగుతూనే ఉన్నారు. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది.

ఈ రెండు కథల్లో ఒకటి గమనించండి. వాళ్ళు వట్టి కోపం చూపించలేదు. కోపానికి ఒక పేరు పెట్టారు. నల్లగొండ అంటే నీళ్ళు, నిజామాబాద్ అంటే పసుపు బోర్డు. మరి పాత్రపూర్ నేతగాడి కోపం పేరేమిటి?

పేర్లు మన దగ్గర లేక కాదు. నూలు, పట్టు ధర పెరిగినంత వేగంగా కూలి పెరగదు. చేనేత బట్ట మీద 5 శాతం జీఎస్టీ ఉంది. మన గోడు పైదాకా చెప్పే వేదికగా ఉన్న అఖిల భారత చేనేత బోర్డును 2020 జూలైలో రద్దు చేశారు. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, కానీ ఆ పేరు మీద మరమగ్గం చీర అమ్మితే ఎవరు ఆపుతున్నారు? 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షలకు పైగా చేనేత కార్మికులున్నారు. వారిలో పదిమందికి ఏడుగురు ఆడవాళ్ళే. కండె చుట్టేది, ఆసు పోసేది అక్కలే అయినా, గుర్తింపు కార్డు ఎంతమంది అక్కల పేరు మీద ఉంది? ఇంకొకటి మన భాష. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పాత గంజాం జిల్లా రెండు ముక్కలైంది. ఇచ్ఛాపురం అటు ఉండిపోయింది, మనం ఇటు. అప్పట్నుంచి బడిలో తెలుగు పంతులు కోసం అడుగుతూనే ఉన్నాం.

నోటాకు బలం వచ్చిన చోట్లు కూడా ఉన్నాయి. 2018లో మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు స్థానిక ఎన్నికల్లో నోటాకు అందరికన్నా ఎక్కువ ఓట్లు వస్తే మళ్ళీ ఎన్నిక జరపాలని ఆదేశాలిచ్చాయి. లోక్‌సభ, శాసనసభలకూ అలాగే చేయాలని కోరుతూ వేసిన పిటిషన్ మీద 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఎన్నికల సంఘానికి నోటీసు ఇచ్చింది. స్థానిక ఎన్నికల నిబంధనలు రాష్ట్రాల చేతిలోవి కాబట్టి, మన ఒడిశాలోనూ అటువంటి నియమం కావాలని అడగడం మన హక్కు.

అందుకని సమాఖ్య తరఫున మేము మూడు పనులు పెట్టుకుందామంటున్నాం.

మొదటిది, వచ్చే ఎన్నిక పంచాయతీదైనా, చికిటి శాసనసభదైనా, బరంపురం లోక్‌సభదైనా, నోటిఫికేషన్ రాకముందే మన డిమాండ్లు ఒక్క కాగితం మీద, తెలుగులోనూ ఒడియాలోనూ రాసుకుందాం. పదిహేను కాదు, అయిదు చాలు. ఆ అయిదు ఏవో ఆడవాళ్ళ కూటమి కూడా కూర్చుని తేల్చాలి.

రెండవది, నిలబడిన ప్రతి అభ్యర్థికీ ఆ కాగితం ఇద్దాం. ఏం జవాబిచ్చారో, ఎవరు అసలు జవాబే ఇవ్వలేదో వీధిలో అందరి ముందు చదివి, దాచిపెడదాం. అయిదేళ్ళ తరువాత అదే కాగితం బయటకు తీస్తాం. అప్పుడు ఎవరైనా నోటా నొక్కితే, దేనికి నొక్కారో ఊరికీ తెలుస్తుంది, నాయకుడికీ తెలుస్తుంది.

మూడవది, ఓటరు జాబితాలో మన ఇంటి పేర్లు ఉన్నాయో లేవో ముందే చూసుకుందాం. సూరత్ పిల్లలు ఎప్పుడు రాగలరో ఇప్పటినుంచే మాట్లాడుకుందాం.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాం. ఫలానావాడికి వేయాలనో, నోటాయే నొక్కాలనో, ఎవరూ బూత్‌కి పోకూడదనో సమాఖ్య పేరుతో ఒట్లు వేయించడం, జరిమానాలు పెట్టడం మన దగ్గర ఉండకూడదు. ఓటరును అలా బెదిరించడం చట్టం దృష్టిలో నేరం. డిమాండ్లు అందరివీ, బహిరంగం. ఓటు ఒక్కొక్కరిది, రహస్యం. భార్య ఓటు భర్త అడగకూడదు, నేసేవాడి ఓటు సావుకారు అడగకూడదు.

పోగు తెగితే మనం మగ్గం వదిలేసి పోం. ఎక్కడ తెగిందో వెతికి, ముడి వేసి, మళ్ళీ నాడె విసురుతాం. ఓటు విషయంలోనూ అంతే. నచ్చిన మనిషి ఉంటే వేయండి. ఎవరూ నచ్చకపోతే వెళ్ళి ఆఖరి మీట నొక్కండి. ఏది చేసినా, ఆ అయిదు డిమాండ్ల కాగితం కింద మీ సంతకం కూడా ఉండాలి. వచ్చే నెల కూటమిలో ఆ కాగితం రాయడం మొదలుపెడుతున్నాం. ఇంటికి ఇద్దరు రండి, అందులో ఒకరు ఆడమనిషి కావాలి.

సెలవు.