మలివయసున చూపు - ఆహారము

కేరట్టు కంటికి మంచిదని పిల్లలకు చెప్పి తినిపించుట మన యిండ్లలో పరిపాటి. అందు సత్యము కలదు. ఎ విటమిను కొరవడినచో రేచీకటి కలుగును. దానికి కేరట్టు, బొప్పాయి, ఆకుకూరలు మేలు చేయును. కాని ఇంటిలోని తాతగారికి పత్రికలోని అక్షరములు నడుమ చెరిగినట్లును, తిన్నని ద్వారబంధము వంకరపోయినట్లును తోచుచున్నచో అది వేరొక వ్యాధి కావచ్చును. నేడు మనము విచారింపదలచినది దానిని గూర్చియే.

కంటిలోపలి రెటీనా నడిమి భాగమునకు మాక్యులా యని పేరు. చదువుటకు, సూదిలో దారమెక్కించుటకు, ముఖములు గుర్తించుటకు ఆధారమిదియే. వయసు మీరిన కొందరిలో ఇది క్రమముగా క్షీణించును. ప్రక్కచూపు సాధారణముగా నిలిచియుండును. అందుచే ఇంటిలో తిరుగాడగలిగిన పెద్దలే వచ్చిన బంధువును పోల్చుకొనలేకపోవుదురు. దానిని నిర్లక్ష్యమని మనము నిష్ఠురమాడరాదు.

మాక్యులాకు పసుపువన్నె నిచ్చునవి ల్యూటీన్, జియాక్సాంతిన్ అను పదార్థములు. వీనిని శరీరము తయారు చేసికొనజాలదు, ఆహారమునుండియే గ్రహింపవలెను. పాలకూర, తోటకూర, మునగాకులలో ల్యూటీన్ సమృద్ధిగా నుండును. మొక్కజొన్నలో, గ్రుడ్డు పచ్చసొనలో ఈ రెండును కలవు. ఇవి కొవ్వులో కరగునవి గనుక కూరలో కొంచెము నూనె యుండుట మేలు. దంతములు పోయిన పెద్దలకు చారన్నము, మజ్జిగన్నముతో సరిపెట్టుట తరచు జరుగుచున్నది. ఆకుకూరను మెత్తగా ఉడికించి పప్పులో ఎనిపి పెట్టినచో వారును తినగలరు. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ వాడువారు మాత్రము ఆకుకూరలు పెంచుటకు ముందు వైద్యుని అడుగవలెను.

ఇక మాత్రల సంగతి. అమెరికా జాతీయ నేత్రసంస్థవారి పరిశోధన ఫలితములు 2001లో వెలువడినవి. సి, ఇ విటమినులు, బీటా కెరోటిన్, జింకు కలిసిన మాత్రలు, మధ్యమ దశలో నున్నవారికి వ్యాధి ముదురు అవకాశమును ఐదేండ్లలో సుమారు 25 శాతము తగ్గించినవి. బీటా కెరోటిన్ మాత్రలు పొగత్రాగువారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పును పెంచునని తేలినందున, 2013లో వెలువడిన రెండవ పరిశోధన పిదప దాని స్థానమున ల్యూటీన్, జియాక్సాంతిన్ చేర్చిరి. కేరట్టు తినుటకు ఈ ముప్పుతో నిమిత్తము లేదు. వ్యాధి లేనివారికి ఈ మాత్రలు దానిని రాకుండ ఆపునని ఋజువు కాలేదు. కావున వైద్యుని సలహా లేక వాడరాదు.

ఆహారమైనను, మాత్రయైనను పోయిన చూపును మరల తీసికొనిరాజాలదు. ఉన్న చూపును కాపాడుకొనుటయే మన ప్రయత్నము. అందులకు చుట్ట, బీడి, సిగరెట్టు మానుట అత్యవసరము. ఈ వ్యాధిలో ఒక రకమునందు రెటీనా క్రింద క్రొత్త రక్తనాళములు పుట్టి స్రవించును. చూపు త్వరగా దెబ్బతినును. దానికి కంటిలో ఇచ్చు ఇంజక్షనులు కలవు; ఆలస్యము కాకుండ మొదలిడినచో చూపు చాలవరకు నిలుచును.

కావున మన యింటి పెద్దలను అప్పుడప్పుడు, చదువు కళ్ళద్దములు తీయకుండగనే, ఒక్కొక్క కన్ను మూసికొని కిటికీ చువ్వలను చూడుమని కోరుదము. చువ్వలు వంగినట్లు తోచినచో వయసు మీదపడినదని ఊరకుండక, ఆలస్యము చేయక నేత్రవైద్యునికడకు వారిని తోడ్కొనిపోవుదము.