చిన్ననాటి కీళ్లవాతం - పెద్దయ్యాక కడుపునొప్పి

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. మన మోకాళ్ల సంగతి ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు కనుక, ఈసారి మనవల కీళ్ల గురించి, ముఖ్యంగా వాళ్ల కడుపు గురించి చెబుతానన్నాను. వైద్య శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఆయన ఒప్పుకున్నారు.

కీళ్లవాతం పదహారేళ్లలోపు పిల్లలకూ వస్తుంది. కీలు వాచి, ఆరు వారాలైనా తగ్గక, వేరే కారణం కనబడకపోతే దాన్ని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. జార్జి ఫ్రెడరిక్ స్టిల్ అనే ఆంగ్ల వైద్యుడు పిల్లల కీళ్లవాతం గురించి 1897లోనే రాశాడు. కొందరికి వయసుతో తగ్గిపోతుంది. కొందరికి పాతికేళ్లు వచ్చినా మందులు తప్పవు. చిన్నప్పుడు తల్లి అన్నం పెట్టి మాత్ర వేసేది. ఇప్పుడు ఆ పిల్ల హాస్టల్లో ఉంటుంది. టిఫిన్ మానేసి, టీ తాగి, నొప్పి మాత్ర మింగి పరుగెడుతుంది. కడుపులో మంటగా ఉందని ఇంటికి ఫోను చేస్తే మన వైద్యం మనకుంది కదా: “గ్యాసేనమ్మా, కాస్త వాము నమలు.”

వాముకు నేను విరోధిని కాను. కాని ఈ పిల్లల విషయంలో ముందు చూడవలసింది మాత్రల డబ్బా.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఇండోమెథాసిన్ అన్నీ ఒకే జాతి మందులు. ఆస్పిరిన్ జాతి మందులు ఎలా పనిచేస్తాయో 1971లో జాన్ వేన్ చూపాడు. మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలున్నాయి. కీలులో వాపు, నొప్పి పెంచేవీ అవే, జీర్ణాశయం లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ అవే. మాత్ర వాటి తయారీని తగ్గిస్తుంది. నొప్పి పోతుంది, కాపలా కూడా పోతుంది. అన్నం తిన్నాక వేసుకుంటే మంట తగ్గవచ్చు గాని పుండు పడదని హామీ లేదు. మందు రక్తంలో కలిసి కూడా ఈ పని చేస్తుంది కనుక, ఇంజక్షనైతే కడుపుకు ఏమీ కాదనుకోవడం పొరపాటు. అవసరమైనవారికి డాక్టర్లు ఒమెప్రజోల్ వంటి మాత్ర కలిపి రాస్తారు.

సెలవులకు వచ్చిన మనవరాలు నొప్పంటే తాతగారు ప్రేమగా తన డైక్లోఫెనాక్ ఒకటి ఇస్తారు. అప్పటికే ఆమె నాప్రోక్సెన్ వేసుకుని ఉంటుంది. పుండుకు దారి మనమే వేసినట్టు.

మెథోట్రెక్సేట్ సంగతి వేరు. ఈ జబ్బుకు అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. ఆ రోజూ మర్నాడూ కడుపులో తిప్పుతుంది. కొందరికి మాత్ర చూస్తేనే వాంతి వస్తుంది. దాన్ని నాటకం అనకండి. డాక్టరుకు చెబితే ఫోలిక్ యాసిడ్ గాని, మరో మార్గం గాని చూస్తారు. పొరపాటున రోజూ వేసుకుంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

అన్నిటికన్నా నాకు భయం ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లంటే. అవి వాడేవారికి పేగుకు చిల్లు పడినా జ్వరం రాకపోవచ్చు, పొట్ట బిగుసుకోకపోవచ్చు. టోసిలిజుమాబ్ ఇంజక్షన్ తీసుకునేవారిలోనూ ఇలా లక్షణాలు మరుగున పడతాయి. కాబట్టి “కొంచెం నొప్పే” అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. అలాగని భయపడి చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్ ఒక్కసారిగా మానేస్తే వాంతులు, కడుపునొప్పి వచ్చి బీపీ పడిపోతుంది. అది మరో ప్రమాదం.

ప్రతి నొప్పికీ మందులే కారణం కావు. మడమలు, నడుము పట్టేసే రకం కీళ్లవాతంలో కొందరికి పేగుల్లోనూ వాపు జబ్బు ఉంటుంది. వారాల తరబడి విరేచనాలు, రక్తం, బరువు తగ్గడం దాని గుర్తులు. మన దేశంలో క్షయను మరవరాదు. అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటివి మొదలుపెట్టేముందు క్షయ పరీక్ష చేసేది అందుకే. లోపల అణగి ఉన్న క్షయ తిరగబెట్టి పొట్టలోనూ రావచ్చు.

ఆడపిల్లైతే నెలసరి గురించి, గర్భం గురించి డాక్టరు అడుగుతారు. పెళ్లి కాలేదని మనం కోపం తెచ్చుకోకూడదు. మెథోట్రెక్సేట్ గర్భానికి హాని చేస్తుంది, కనుక ఆ ప్రశ్న తప్పదు. మనల్ని గదిలోంచి బయటికి వెళ్లమంటే వెళ్లడమే మర్యాద. మన ఎదుట ఆ పిల్ల నిజం చెప్పలేదు.

తారులా నల్లటి విరేచనం, కాఫీ పొడి వంటి వాంతి, కళ్లు తిరగడం, కదిలితే పెరిగే నొప్పి, వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగకండి. ఐరన్ మాత్రలతోనూ విరేచనం నల్లబడుతుంది నిజమే, అది తేల్చవలసింది మనం కాదు. ఆసుపత్రిలో మొదట చెప్పవలసిన మాట, “చిన్నప్పటినుంచి కీళ్లవాతం ఉంది, ఫలానా మందులు వాడుతోంది” అని. ఆ మందుల పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాసి పిల్లల పర్సులో పెట్టించండి. సెల్‌ఫోనులో ఉన్నాయంటారు, అత్యవసర వేళకు అందులో ఛార్జింగు ఉండదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి. ప్రిస్క్రిప్షన్లు తెచ్చుకున్నవారు ముందు రండి.