హెచ్‌ఈసీ అని గొంతు తగ్గించి చెప్పొద్దు

(ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఇంటర్ చరిత్ర విద్యార్థులతో మాట్లాడిన మాటల పాఠం)



ఇందాక గేటు దగ్గర ఒక తమ్ముణ్ని ఏ గ్రూపు అని అడిగినం. పక్కనున్న దోస్తు ‘ఎంపీసీ’ అని గట్టిగ చెప్పిండు. ఈ తమ్ముడు మాత్రం చెప్పుల దిక్కు చూసుకుంట ‘హెచ్‌ఈసీ’ అన్నడు. ఆ గొంతు మాకు ఎరుకే. మేం ఇంటర్‌ల చేరినప్పుడు మా గొంతు కూడా అట్లనే ఉండె. పదో తరగతి మార్కులు రాంగనే ఇంట్ల పంచాయితీ మొదలైతది. మంచి మార్కులొస్తే ఎంపీసీ, బైపీసీ. నడిమిట్ల ఉంటే సీఈసీ. ఏదీ కుదరకుంటే చరిత్ర! ఫీజు కట్టగలిగినోళ్లు పిల్లల్ని పట్నంల హాస్టల్ కాలేజీలకు తోలుతరు. అసొంటి కాలేజీల చాలాటిల హిస్టరీ గ్రూపే ఉండదు.

మరి చరిత్ర చదివేది ఎవరు? కూలికి పోయేటోళ్ల పిల్లలు, దూరం పంపలేక దగ్గరి సర్కారు కాలేజీల వేసిన ఆడపిల్లలు. పుస్తకాల పేరెక్కని ఇండ్ల పిల్లలే ఆ పుస్తకాలు చదువుతున్నరు. ఇది చిన్న సంగతి కాదని మా అభిప్రాయం.

మీలో చాలామంది 2009, 2010 ప్రాంతంల పుట్టినోళ్లు. 2009 డిసెంబర్ 9 రాత్రి చిదంబరం ప్రకటన వచ్చినప్పుడు, అదే నెల 23న ఆ మాట వెనక్కి పోయినప్పుడు మేం డిగ్రీ చదువుకుంటున్నం. 2011ల సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. రోడ్ల మీద టెంట్లు, వంటా వార్పూ, ధూంధాంలు మీరు వీడియోలల్ల చూసి ఉంటరు. వీడియోల కనపడనిది ఒకటుంది. ఆ టెంటు కింద కూసున్న ఆటో డ్రైవరుకు 1956 ఎరుక. బతుకమ్మ ఎత్తుకొచ్చిన అక్కకు 610 జీవో ఎరుక. 1952 ముల్కీ ఉద్యమం, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు, 1969, 1973 ఆరు సూత్రాల పథకం, వీటన్నిటినీ జనం బస్సు టైముల లెక్క నోటికి చెప్పేటోళ్లు. ఇదంతా వాళ్లకు బడి నేర్పలేదు. మా బడి పుస్తకాల తెలంగాణ గురించి ఉన్నది వెతికితే దొరికేటంత. జయశంకర్ సారు మీటింగుల విని, ఇసొంటి చిన్న పత్రికలు చదివి, పాటలు పాడుకుంట నేర్చుకున్నరు. 1952ల ముల్కీ ఉద్యమంల పాల్గొన్ననాడు జయశంకర్ సారు కూడా విద్యార్థే.

అయితే ఇయ్యాల మేం వచ్చింది మా గొప్ప చెప్పుకోను కాదు. ఒక తప్పు ఒప్పుకోను వచ్చినం.

ఫజల్ అలీ కమిషన్ 1955ల ఇచ్చిన నివేదిక మాకు ఆ రోజుల్ల గీత లెక్క, ఖురాన్ లెక్క ఉండె. దాంట్ల 386వ పేరాను మేం ఎన్ని సభలల్ల చదివినమో లెక్క లేదు. ఆంధ్రకైనా తెలంగాణకైనా మంచిది ఏందంటే తెలంగాణ ప్రాంతాన్ని హైదరాబాద్ రాష్ట్రం పేరుతోని విడిగా ఉంచడమే అని అక్కడ ఉన్నది. అక్కడికి చదివి ఆపేటోళ్లం. చప్పట్లు పడేటివి. కానీ వాక్యం అక్కడ ఆగదు. 1961 ప్రాంతంల వచ్చే సాధారణ ఎన్నికల తర్వాత హైదరాబాద్ శాసనసభల మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే ఆంధ్రతో కలవొచ్చని కూడా అదే వాక్యంల ఉన్నది. అంతకు ముందు పేరాలల్ల విశాలాంధ్ర వల్ల వచ్చే లాభాలు కూడా రాసిండ్రు. అవతలి పక్కోళ్లు ఆ ముక్కలే ఎత్తి చదివేటోళ్లు. వాళ్లకు సగం, మాకు సగం.

తర్వాత ఒకనాడు నివేదికను నిమ్మళంగ కూసొని మొత్తం చదివినం. అప్పుడు సమజైంది, మేం దాచిన సగమే మాకు ఎక్కువ బలమని. ఎందుకంటే కమిషన్ పెట్టిన షరతు ఏదీ జరగలేదు. 1961 దాకా ఆగలేదు, కొత్త సభను ఎన్నుకోలేదు, మూడింట రెండొంతుల ఓటు తీసుకోలేదు. 1956 నవంబర్ 1నే కలిపేసిండ్రు. ఈ మాట అడగాలంటే రెండో సగం చదవాల్సిందే గదా! చప్పట్ల కోసం ఆశపడి మా సాక్ష్యాన్ని మేమే సగానికి చింపుకున్నం.

ఇంకొకటి చెప్తం, ఇది మింగుడు పడదు. 1955 చివర్ల హైదరాబాద్ శాసనసభల ఈ నివేదిక మీద చర్చ జరిగింది. అభిప్రాయం చెప్పిన 147 మందిల 103 మంది విశాలాంధ్ర దిక్కు, 29 మంది వ్యతిరేకం, 15 మంది తటస్థం అని ఒక లెక్క ప్రచారంల ఉన్నది. దాంట్ల మరాఠీ, కన్నడ ప్రాంతాల సభ్యులు కూడా ఉన్నరని మేం జవాబు చెప్పేటోళ్లం. అది నిజమే. కానీ తెలంగాణ సభ్యులను విడిగా లెక్కేసినా ఎక్కువమంది విలీనం దిక్కే మొగ్గిండ్రని అదే లెక్క చెప్తది. దాన్ని మేం ఎన్నడూ మైకుల చెప్పలేదు. చరిత్ర విద్యార్థి అయితే దాన్ని నోట్‌బుక్కుల రాసుకోవాలె. రాసుకున్నంక అడగాలె. ఓటింగు జరిగిందా? జరగలేదు. వాళ్లు ఎన్నికైంది 1952ల, ఏ మాట మీద? పైనుంచి పార్టీల ఒత్తిడి ఎంత? ప్రశ్నలు అడగొచ్చు, అంకెను మాయం చెయ్యొద్దు.

2014 తర్వాత మంచే జరిగింది, కాదనం. పదో తరగతి పుస్తకంల తెలంగాణ ఉద్యమం పాఠమైంది. గ్రూప్-2ల ఒక పేపరు మొత్తం మన ఉద్యమమే. అయితే కోచింగ్ సెంటర్లకు పోయి చూడండి. పెద్దమనుషుల ఒప్పందం ఏ తేదీ? 1956 ఫిబ్రవరి 20. ఎక్కడ? ఢిల్లీ హైదరాబాద్ హౌస్‌ల. బిట్టు అయిపోయింది, మార్కు పడ్డది. ఆ ఒప్పందంల ముఖ్యమంత్రి ఒక ప్రాంతమైతే ఉపముఖ్యమంత్రి ఇంకో ప్రాంతమని రాసుకొని, మొదటి మంత్రివర్గంలనే ఉపముఖ్యమంత్రి లేకుండ ఎట్ల చేసిండ్రు, అడిగే దిక్కు ఎందుకు లేకుండె అన్నది నాలుగు ఆప్షన్లల్ల పట్టదు. దానికి నాలుగు పేజీలు రాయాలె. అట్ల రాసే అలవాటు అయ్యేది ఇంటర్‌లనే.

సెప్టెంబర్ 17 తీసుకోండి. 1948 సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయిండు. తేదీల మీద తగాదా లేదు, పేరు మీదనే. ఒకరు విమోచన అంటరు, ఒకరు విలీనం అంటరు, ఒకరు విద్రోహం అంటరు. 2022ల రాష్ట్ర సర్కారు సమైక్యత అన్నది, అదే రోజు కేంద్రం విమోచన అన్నది. 2024ల కొత్త సర్కారు ప్రజాపాలన దినోత్సవం అన్నది. మీ సారు ఏది రాస్తే మార్కులేస్తడని అడగకండి. రజాకార్ల దాడి చూసిన ఊరి ఇంటి ముంగట నిలబడి ఒకసారి ఆలోచించండి. సైన్యం వచ్చినంక కూడా 1951 దాకా తుపాకి దించని రైతు దిక్కు నుంచి ఒకసారి చూడండి. సుందర్‌లాల్ కమిటీ రాసిన ముస్లిం కుటుంబాల చావులు ఒకసారి చదవండి. మూడూ చదివినంక పేరు మీరే పెట్టండి.

ఇగ మీ ఊరి ముచ్చట. నకిరేకల్ దగ్గర చందుపట్లల ఒక రాయి ఉన్నది. రుద్రమదేవి కొలువుల ఉన్న ఒకాయన ఆమె పుణ్యం కోసం భూమి దానం చేసి వేయించిన శాసనం, 1289 నాటిది. ఆమె ఎప్పుడు చనిపోయిందో ఆ రాయి చెప్పింది. అంతకు ముందు పండితులు ఆమె ఇంకా కొన్నేండ్లు ఏలిందని రాసుకున్నరు. ఒక పల్లెటూరి రాయి పుస్తకాలను దిద్దింది. మీ ఊరి చెరువు కట్ట మీద, గుడి ముంగట ఏమున్నదో ఒకసారి చూసి రాండ్రి. ముట్టుకోండి గని సున్నం పుయ్యకండి! మీ తాత ట్రంకు పెట్టెల ఉర్దూ కాయితాలు ఉంటే పారెయ్యకండి. నిజాం కాలం భూమి లెక్కలు ఉర్దూలనే ఉంటయి. తార్నాక పురాభిలేఖ కార్యాలయంల ఫారసీ, ఉర్దూ దస్తావేజులు గుట్టలు గుట్టలుగ ఉన్నయి, చదివెటోళ్లే కరువు. మీలో ఉర్దూ వచ్చిన చెల్లెండ్లు ఉన్నరు గదా, ఆ పని మీదే.

ఉద్యోగం వస్తదా అని అడుగుతరు. అబద్ధం చెప్పం. మాకు వచ్చింది, జీతం తక్కువ. లా చదవొచ్చు, పత్రికలకు రావొచ్చు, పాఠం చెప్పొచ్చు, పోటీ పరీక్షలు ఎట్లాగూ ఉన్నయి. ఇంజనీరింగు చదివి ఖాళీగ ఉన్నోళ్లు మా ఊర్ల కూడా ఉన్నరు.

ఫజల్ అలీ నివేదికల మన ప్రాంతం గురించి ఉన్న పేజీలు జిరాక్సు తీయించి తెచ్చినం, మీ లైబ్రరీల పెట్టమని సారుకు ఇస్తున్నం. ఇంగ్లీషుల ఉన్నది, భయపడకండి, నలుగురు కూసొని డిక్షనరీ పెట్టుకుంటే వారం పని. ఇప్పుడు మీరు అడగండి. ఆ గేటు కాడి తమ్ముడు ఎక్కడున్నడు? మొదలు నువ్వే అడుగు.