సాయం ఎకరాల వెంటే నడిచింది



అమెరికాలోని హోమ్స్ కౌంటీ గురించి మాట్లాడతానంటే నిన్న ఒక మిత్రుడు నవ్వాడు. మన ఊరి సంగతి వదిలేసి అంత దూరం ఎందుకన్నాడు. నేను ఆ దారిలోనే మా ఊరికి వస్తాను.

2020లో కరోనా వల్ల పంటల ధరలు పడిపోతే అమెరికా ప్రభుత్వం రైతులకు రెండు విడతల్లో నేరుగా డబ్బులిచ్చింది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అక్కడి వ్యవసాయ శాఖ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. అర్హతలో జాతి ప్రస్తావన లేదు. లెక్కంతా పంట, పశువులు, ఎకరాలు. రెండో విడతలో కొన్ని పంటలకు ఎకరాకు 15 డాలర్లు. ఎకరాలు ఎక్కువున్నవాళ్లకు ఎక్కువ. పొలంలో కూలి చేసేవాళ్లకు ఏమీ లేదు.

2021 మార్చిలో వ్యవసాయ మంత్రి టామ్ విల్సాక్ స్వయంగా చెప్పిన లెక్క వినండి. సుమారు 2,600 కోట్ల డాలర్లలో నల్లజాతి రైతులకు చేరింది 2 కోట్ల 8 లక్షలు. 2017 వ్యవసాయ గణన ప్రకారం సాగుదారుల్లో వాళ్లు 1.4 శాతం. అందిన డబ్బు 0.1 శాతం కూడా కాదు.

'వాళ్లవి చిన్న కమతాలు, అందుకే తక్కువ వచ్చింది' అంటారు. సరే, ఎందుకు చిన్నవయ్యాయి? 1920లో అక్కడ తొమ్మిది లక్షలకు పైగా నల్లజాతి రైతులుండేవాళ్లు. ఇప్పుడు యాభై వేల లోపే. విత్తనాల అదను దాటాక మంజూరయ్యే అప్పులు, అసలు మంజూరు కాని అప్పులు. వీలునామా లేని ఉమ్మడి భూమిలో ఒక్క వాటాదారు వాటా కొని, కోర్టు ద్వారా మొత్తం వేలం వేయించడం. అప్పుల్లో వివక్ష మీద వాళ్లు వేసిన దావాలో 1999లో ప్రభుత్వమే రాజీకి వచ్చింది.

ఇక హోమ్స్ కౌంటీ. ఇది మిస్సిసిపీ రాష్ట్రంలో ఉంది. 1940 ప్రాంతంలో రూజ్వెల్ట్ ప్రభుత్వం అక్కడి మైల్‌స్టన్‌లో వందకు పైగా నల్లజాతి కుటుంబాలకు భూమి దక్కేలా చేసింది. 1963 ఏప్రిల్‌లో ఓటు నమోదు కోసం 14 మంది లెక్సింగ్టన్ కోర్టుకు నడిచారు. ముందు నిలిచింది ఈ మైల్‌స్టన్ రైతులే. మరుసటి నెలలో వాళ్లలో ఒకరైన హార్ట్‌మన్ టర్న్‌బో ఇంటి మీద పెట్రోలు బాంబులు పడ్డాయి. పొలం ఆయనదే కాబట్టి వెళ్లగొట్టే దొర లేడు. అదే కౌంటీ 1967లో రాబర్ట్ క్లార్క్‌ను శాసనసభకు పంపింది. ఆ శతాబ్దంలో మిస్సిసిపీ సభలో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి మనిషి ఆయన. భూమి పోవడమంటే ఏం పోవడమో ఇక్కడ తెలుస్తుంది.

2021లో వివక్షకు గురైన జాతుల రైతుల అప్పులు తీర్చడానికి చట్టం చేశారు. తెల్ల రైతులు కోర్టుకెళ్లారు, స్టే వచ్చింది, 2022లో ఆ చట్టాన్నే రద్దు చేశారు. రంగు చూస్తే అన్యాయమట, ఎకరాలు చూస్తే న్యాయమట! రిజర్వేషన్ల చర్చల్లో కూర్చున్న మీకు ఈ వాదన కొత్తేమీ కాదు.

మా నాన్న కౌలు రైతు. తెలంగాణలో ఎకరాకు ఐదు వేల రైతుబంధు 2020 వానాకాలంలోనూ పట్టాదారు ఖాతాలోనే పడింది. కౌలుదారుకు అందులో చోటు లేదు. ఎవరు సాగు చేస్తున్నారో చెప్పే అనుభవదారు కాలమ్‌ను రికార్డుల్లోంచి అంతకుముందే తీసేశారు. ఆ పొలం ఆసామి హైదరాబాద్‌లో ఉంటాడు. డబ్బులు పడ్డాయని ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. కౌలు తగ్గిస్తారా అని నాన్న అడిగితే, వచ్చే ఏడు చూద్దామన్నాడు.