ఉచిత వైద్యమనగా నేమి?

(శతవార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగ వేళ మన మేలులను లెక్కించుకొనుట సహజమే. అయితే మేలు అందని వారిని కూడ ఒకసారి తలంచుకొందము. రోహింగ్యాలు బర్మా, అనగా నేటి మయన్మారు దేశమందలి అరకాను ప్రాంతపు ప్రజలు. వీరిలో అధిక సంఖ్యాకులు ముస్లిములు. 1982 నాటి పౌరసత్వ చట్టము వలన వీరిలో చాలమంది పుట్టిన నేలమీదనే పరాయివారైరి. 2017 ఆగస్టు 25 తరువాత సైన్యము వారి గ్రామములపై పడగా, కొద్ది నెలలలోనే 7 లక్షలకు పైగా జనము బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాకు పారిపోయి వచ్చిరి. అంతకు ముందు వచ్చినవారితో కలిపి నేడు అక్కడ 10 లక్షలకు మించినవారు వెదురు గుడిసెలలో కాలము గడుపుచున్నారు.

వారితో మనకేమి సంబంధమని అడుగవచ్చును. మన పెద్దలలో అనేకులు కోస్తా రేవులలో ఓడలెక్కి రంగూనుకు కూలికి పోయినవారే. 1942లో జపాను సేనలు బర్మాలో ప్రవేశించినప్పుడు భారతీయులు లక్షల సంఖ్యలో తిరుగుముఖము పట్టిరి. వారిలో తెలుగువారును ఉండిరి. కొందరు వచ్చినది ఈ అరకాను మార్గముననే. కలరాకును, జ్వరమునకును, ఆకలికిని దారిలో పడిపోయినవారు వేలు. బర్మా కాందిశీకులు అను మాట మన ఇండ్లకు క్రొత్తది కాదు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అను పేట నేటికిని ఉన్నది.

ఇంకొక సంబంధము మన వంటింటిలోనే ఉన్నది. 1971లో తూర్పు బెంగాలు నుండి సుమారు కోటిమంది శరణార్థులు మన దేశమునకు వచ్చిరి. పశ్చిమ బెంగాలులోని బనగావ్ వద్ద కలరా ప్రబలినది. నరములోనికి ఎక్కించు సెలైను సీసాలు నిండుకొన్నవి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ గారు గ్లూకోజు, ఉప్పు, వంటసోడా నీటిలో కలిపించి, రోగుల బంధువుల చేతనే త్రాగించిరి. నూటికి 30 వరకు ఉన్న మరణములు 4 కంటె తక్కువకు దిగినవి. నేడు మన పిల్లలకు విరేచనములైనప్పుడు కలిపి త్రాగించు ఓ.ఆర్.ఎస్. పొట్లపు విలువను లోకమునకు చాటినది ఆ శరణార్థుల శిబిరమే. నిరాశ్రయులకు చేసిన వైద్యము మన బిడ్డలను బ్రతికించినది. ఆనాడు కాందిశీకులైన ప్రజల దేశమే ఈనాడు రోహింగ్యాలకు చోటిచ్చినది.

ఉచిత వైద్యమనగా డబ్బు పుచ్చుకొనకుండ మాత్రలిచ్చుటయే అని తలంచెదము. కాని బీదవానికి అడ్డుపడునది రుసుము ఒక్కటే కాదు. మొదటిది దూరము. నెలలు నిండిన స్త్రీ వానలో బురద గుట్ట దిగి ఎంత దూరము నడువగలదు? రెండవది భాష. రోహింగ్యాల మాట చిట్టగాంగు మాటకు దగ్గర గనుక ఆ ప్రాంతపు నర్సులకు రోగి బాధ తెలియును. మూడవది సిగ్గు. స్త్రీ తన బాధను స్త్రీతోనే చెప్పుకొనును. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారి సేవ మనకు తెలియనిదా? పురుష వైద్యుని యెదుటికి రాని తల్లులకు ఆమె రాకయే మొదటి ఔషధము. నాలుగవది భయము. చేతిలో కాగితము లేనివాడు ఆసుపత్రి గడప యొద్దనే ఆగిపోవును. ఈ నాలుగు అడ్డులును తొలగింపని వైద్యము ఉచితమైనను అందదు.

వ్యాధికి శిబిరపు కంచె కనబడదు. 2017 చివర అక్కడ డిఫ్తీరియా, అనగా కంఠసర్పి, వేలమందికి సోకినది. చిన్ననాటి టీకాలు అందకపోవుటయే ముఖ్య కారణము. అంతకు ముందు అక్టోబరులోనే లక్షలమందికి నోటి ద్వారా కలరా మందు ఇచ్చిరి. చుట్టుపట్ల ఉఖియా, టెక్నాఫ్ గ్రామములలోని బీదలను కూడ మరువరాదు. శరణార్థికి మందిచ్చి పొరుగు కూలివానిని వెనుకకు పంపినచో ఇరువురి మధ్య ద్వేషము పుట్టును.

2025లో అమెరికా ప్రభుత్వము విదేశ సహాయమును తగ్గింపగా ఆ శిబిరములలో పలు ఆరోగ్య సేవలు కుంటుపడినవి. గొప్ప నిధులు ఆగినప్పుడు చిన్న చేతుల విలువ తెలియును.

అంత దూరము పోలేమందుమా? హైదరాబాదులో బాలాపూర్ పరిసరములలో రోహింగ్యా కుటుంబములు బ్రతుకుచున్నవి. మన కొండ గూడెములలోను, వలస కూలీల గుడిసెలలోను వైద్యము అందనివారు కలరు. మన సంఘములలో నర్సులు, మందుల దుకాణదారులు, ఉద్యోగ విరమణ చేసిన వైద్యులు కలరు. వారు నెలకొక దినము ఇత్తురు గాక. అయితే పండుగకొకసారి పోయి ఫొటో దిగి వచ్చుట సేవ కాదు. రక్తపుపోటు మాత్ర ఈ నెల ఇచ్చి వచ్చే నెల మానినచో మేలు కంటె కీడే ఎక్కువ. ఒకే దినమున, ఒకే చోట, తప్పక పోవలెను. వారి భాష తెలిసినవారిని, ఒక స్త్రీని వెంట తీసికొని పోవలెను.

మరియొక మాట ఖండితముగా చెప్పుకొందము. మందునకు బదులుగా రోగి విశ్వాసమును అడుగరాదు. ధర పుచ్చుకొనక మనస్సును పుచ్చుకొనినచో అది ఉచితము కాదు. అదియు ఒక బేరమే. జ్వరమును చూతము, పేరు తరువాత అడుగుదము.

రెండవ నూరేండ్లలోనికి అడుగిడు మన సంఘము ఈ ఒక్క పనినైనను నియమముగా పూనుకొనునని ఆశించుచున్నాము.